పాడే నోట్ల పల్లి పడదు

ఫోన్లల్ల బొమ్మలు అతికించి పెద్దపెద్దోళ్ళను ఎక్కిరించే పిల్లలంటే నాకు శాన ఇష్టం. మా మనుమరాలు తెచ్చి చూపిస్తది. పొట్ట పట్టుకొని నవ్వుత. నవ్వు ఆగినంక ఒకసారి నా కుడిచెయ్యి దిక్కు చూసుకుంట. "ఏంది తాతా, చెయ్యి నొస్తుందా?" అంటది. నొప్పి కాదు బిడ్డా, సిగ్గు. ఆ ముచ్చట నోటితో చెప్పనీకి రాక, మీ అసుంటి వయసోళ్ళ కోసం ఇట్ల కాగితం మీద పెడుతున్న.

నేను పెద్ద చదువరిని కాను. ఏడో తరగతిల మా సారు "రేపటి నుంచి నువ్వు రాకు" అన్నడు. పెద్దోళ్ళ మాట కాదనే అలవాటు లేదు నాకు, పోలేదు. తర్వాత హమాలీ చేసిన, లారీ మీద క్లీనరుగ తిరిగిన, ఆఖరుకు వనపర్తి నుంచి కొత్తకోటకు పోయే తోవల ఒక పల్లీల మిల్లుల మేస్త్రీగ కుదురుకున్న. మోకాళ్ళు ఇగ చాలు అనేదాక అక్కడనే ఉన్న.

మిల్లు పని ఏమంత చిక్కుది కాదు. రైతు తెచ్చిన కాయ మిషన్ల పోస్తే పొట్టు ఒకదిక్కు, గింజ ఒకదిక్కు పడతది. గింజలల్ల పుచ్చులు, రాళ్ళు, ముడుతలు పడ్డయి ఉంటయి. వాటిని ఏరనీకి షెడ్డుల ఆడోళ్ళు వరుసగ కూసుంటరు. ఎదురుంగ గింజల కుప్ప, ఒడిల చాట. పొద్దుందాక అదే పని. నా పని వాళ్ళను చూసుకునుడు. అంటే వాళ్ళు పని చేస్తుంటే నేను మాట్లాడుడు.

మాట్లాడేది ఎక్కువసేపు ఉండకపోయేది, ఎందుకంటే వాళ్ళు పాడుతుండ్రి. పాన్‌గల్ దిక్కు నుంచి ఆటోల వచ్చే ఒకామె ఎత్తుకుంటే వరుసంత అందుకుంటుండె. అందరం ఆమెను పాన్‌గల్ అక్క అంటుంటిమి. నాకన్న చిన్నదే, అయినా అక్కనే, ఆ గొంతుకు మర్యాద అది. ఉన్న పాట ఉన్నట్టు పాడే మనిషి కాదు, అప్పటికప్పుడు అల్లుతుండె. వానను, ఆటో డ్రైవరును, మిషను మోతను ఎవ్వరినీ ఇడిచిపెట్టకపోయేది. ఒకసారి నా పొట్ట మీద అల్లింది. మేస్త్రీ నడుస్తుంటే పొట్ట ముందుగాల షెడ్డులకొస్తదంట, మేస్త్రీ వెనుక చాయ్ తాగి వస్తడంట. వారం దినాలు నేను పొట్ట లోపలికి గుంజుకొని తిరిగిన.

పాట మధ్యల ఒక గింజ నోట్ల పడుతుండె, అది నిజం. కాలేకడుపున వచ్చే ఆడోళ్ళు, ముందర పల్లీల గుట్ట. మా పెద్దసేటు చూస్తుండె, చూడనట్టు పోతుండె. "పిట్టలు తింటలేవా, ఎలుకలు తింటలేవా, మనుషులు తింటే ఏమైతది" అంటుండె. గట్ల నడిచింది మిల్లు.

ఇప్పుడు పుస్తకం ముచ్చట. పని లేని దినం నేను టౌన్ల లైబ్రరీకి పోతుంటి, ఫ్యాను కోసం. అక్కడ పరీక్షలకు చదివే పిల్లలే ఉంటరు, కథల బీరువా దిక్కు ఎవరూ పోరు. ఆ బీరువా పక్కన కుర్చీ మాత్రం ఎప్పుడూ ఖాళీ. అట్ల కూసోని కూసోని ఒక పాత నవల తీసిన. వేరే దేశపుది, తెలుగు చేసిండ్రు. అట్ట ఊడిపోయింది, పేరు లేదు, రాసినాయన ఎవరో తెల్వదు. లైబ్రరీ సారు మాత్రం అది శాన పాతదని, శాన పెద్ద పేరున్నదని చెప్పిండు.

కథ ఏందంటే, ఒక పట్నంల సర్కారు అందరి ఇండ్ల తలుపులు పీకేయిస్తది. తలుపు ఎందుకు, దాచేది ఉన్నోనికే కదా తలుపు అంటది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు చల్లగాలి పథకం. ప్రజలు వరుసల నిలబడి తలుపులిచ్చి, గాలి మంచిగ వస్తుందని సర్కారుకు దండం పెడతరు. తలుపులు పీకే వడ్రంగి ఒకడుంటడు. వానికి రాజకీయం తెల్వదు. గోడ పెచ్చు రాలకుండ తలుపు తీసుడే వాని గొప్ప. ఒక్క గీత పడనియ్యడు. ఇంటోళ్ళే వాని పనితనం మెచ్చుకొని నీళ్ళిస్తరు.

ఆ పుస్తకంల రాసినాయన ఒక్కసారి కూడ "అన్యాయం" అనడు. ఎంత చల్లని పరిపాలన, ఎంత ఓపిక గల వడ్రంగి అనుకుంట పోతడు. ఆయన మెచ్చుకున్నకొద్ది మనకు ఒళ్ళు మండుతది. మండుకుంటనే నవ్వొస్తది. నేను లైబ్రరీల గట్టిగ నవ్విన. చదువుకునే పిల్లలు తలకాయలు లేపి చూసిండ్రు.

లైబ్రరీ సారు దగ్గరికొచ్చి మెల్లగ అన్నడు. "నవ్వు. నవ్వనీకే రాసిండు ఆయన. కాని నవ్వినోళ్ళందరు ఒక్కతీరు ఉండరు మేస్త్రీ. ఒకడు నవ్వి భయపడతడు, ఇంకొకడు నవ్వి నేర్చుకుంటడు."

"నేను ఏడో తరగతి సారూ, నాకు నేర్చుకునుడు రాదు," అన్న. ఆయన కూడ నవ్విండు.

ఆ పుస్తకంతోని నాకు మంచి ముడిసరుకు దొరికింది. చాయ్ తాగే యాళ్ళకు ఒక బస్తా మీదికెక్కి "నా రాజ్యంల" అని మొదలుపెడుతుంటి. నా రాజ్యంల హమాలీలు బస్తా మోసేటప్పుడు చెమట పట్టొద్దు, పడితే నీళ్ళు వృథా చేసిన నేరం. నా రాజ్యంల మిషను ఖరాబైతే అందరు దాని దగ్గరికి పోయి మాఫీ అడగాలె. గొంతు పెంచి, ముక్కుతోని మాట్లాడి, చిన్నసేటు లెక్క చెయ్యి ఊపుకుంట చెప్తుంటి. చిన్నసేటు అంటే పెద్దసేటు కొడుకు. పెద్దసేటుకు పక్షవాతం వచ్చినంక హైదరాబాదుల పెద్ద చదువు ఇడిచి వచ్చి మిల్లు చూసుకుంటుండె. వచ్చుడు వచ్చుడే షెడ్డు మూలమూలకు కెమెరాలు పెట్టిచ్చిండు. గింజలు తక్కువొస్తున్నయని ఆయనకు ఒకటే పరేషాన్.

ఒకనాడు నేను బస్తా మీదున్న. "నా రాజ్యంల ఏరే ఆడోళ్ళు పొద్దుందాక పాడుతనే ఉండాలె! ఎందుకు? పాడే నోట్ల పల్లి పడదు! పాట ఆగిందంటే పల్లి పడ్డట్టే. నా చెవే నా కెమెరా!" అని కుడిచెయ్యి చెవు ఎనుక పెట్టి, నడుము వంచి, వరుస పొంటి నడిచి చూపించిన. ఆడోళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు. పాన్‌గల్ అక్క అయితే నవ్వి నవ్వి దగ్గింది. ఆమె నోట్ల అప్పుడే పల్లి ఉండె మరి.

ఎనుక నుంచి చప్పట్లు. చూస్తే చిన్నసేటు.

ఇగ నా పని అయిపోయిందనుకున్న. ఆయన మాత్రం కోపం చేయలే. "మేస్త్రీ, మళ్ళ చెప్పు," అన్నడు. చెప్పిన. "పాడే నోట్ల పల్లి పడదు," అని ఆయన మెల్లగ ఒకసారి అనుకున్నడు. ఆయన నవ్వలే. అది చూసైన నేను ఆగాల్సింది. ఆగలే. పెద్దమనిషి ఇంటుండు గదా అని ఇంక రెండు ముక్కలు కలిపిన. పాడితే పనిల నిద్ర రాదు సేటు, పాడితే ముచ్చట్లు తగ్గుతయి సేటు, ఖర్చు లేని పని సేటు. నన్ను నేను ఎక్కిరించుకుంటున్న అనుకున్న. నేను సలహా ఇస్తున్ననని ఆయన అనుకున్నడు.

వారం తిరగకముందే షెడ్డు గోడకు రంగుల బ్యానరు పడ్డది. ఆనంద కార్యక్రమం. పని చేస్తున్నంతసేపు అందరు పాడాలె. పాడనోళ్ళు మిషను అవుతలికి, పొట్టు దిక్కు పోవాలె. పొట్టు దిక్కంటే ఏందో మిల్లు పని చేసినోళ్ళకు తెలుస్తది. ఆ దుమ్ముల పొద్దుందాక ఉంటే, రాత్రంత దగ్గే.

చల్లగాలి పథకం నాకు యాదికి రాలేదంటే అబద్ధం. వచ్చింది. వచ్చినా నవ్వుకున్న. నా జోకు బ్యానరుకెక్కిందని ఇంటికి పోయి మా ఇంటామెకు కూడ చెప్పిన. ఆమె గిన్నెలు కడుగుకుంట, "నీ రాజ్యం వచ్చింది మరి, సంబరపడు," అన్నది. నేను సంబరపడ్డ.

మొదట్ల తమాషగనే ఉండె. ఆడోళ్ళు అంతకుముందు కూడ పాడేటోళ్ళే గదా. కాని పాడుమన్నంక పాట ఇంకోతీరైతది. కొత్త పాటలు కట్టుడు ఆగిపోయింది. నా పొట్ట మీద పాట, ఆటో డ్రైవరు మీద పాట అన్నీ పోయినయి. ఒకటే పాట పొద్దున మొదలుపెట్టి చాయ్ దాక ఈడుస్తుండ్రి. దాంతోపాటు ఒక తెలివి కూడ చేసిండ్రు. ఈ సగం వరుస పాడేటప్పుడు ఆ సగం తింటుండె, వాళ్ళు పాడేటప్పుడు వీళ్ళు. కాంటా కాడ తూకం వేసే భాయ్ ఒకాయన ఉండె, నా జోకులకు అందరికంటె ముందు నవ్వేటోడు, ఆయన కాంటా మీద చెయ్యి ఆనిచ్చి అన్నడు. "చూసినవా, నీ రాజ్యంల ప్రజలు హుషారుగున్నరు."

చిన్నసేటు కూడ హుషారే. తూకంల తక్కువ ఎప్పటితీరే ఉన్నదని చూసి, ఒక్కొక్కరి పెదాలు కదలాలె అన్నడు, కెమెరాల చూస్త అన్నడు. అయితే నమిలినా పెదాలు కదులుతయి, పాడినా కదులుతయి. కెమెరాకు తేడా తెల్వదు. అప్పుడు పిలిచిండు నన్ను. "మేస్త్రీ, నువ్వు చేసి చూపించినవ్ గదా, చెవు పెట్టుకుంట నడుసుడు. అదే చెయ్. ఎవరు పాడుతలేరో నువ్వే చెప్పు."

బస్తా మీద ఎక్కిరించిన వేషం నా ఉద్యోగమైంది. నాకొక కుర్చీ వేసిండ్రు, కుర్చీ మీదికి ఒక ఫ్యాను. నేను వద్దనలే. వరుస పొంటి నడుము వంచి, చెవు ఎనుక చెయ్యి పెట్టి, "వినబడ్తలేదు!" అనుకుంట నడుస్తుంటి. మొదలు నవ్విండ్రు. తర్వాత నవ్వినట్టు చేసిండ్రు. తర్వాత నన్ను చూడంగనే గొంతు పెంచుడు ఒక్కటే మిగిలింది. ఎవరినీ పొట్టు దిక్కు పంపలే నేను, ఆ మాటను ఇప్పటికీ పట్టుకొని ఏలాడుత. వడ్రంగి కూడ గోడకు ఒక్క గీత పడనియ్యలే గదా.

ఆ కాలంలనే పాన్‌గల్ అక్క తమ్ముడు పోయిండు. గద్వాల దిక్కు పత్తి విత్తనాల చేన్లల్ల పని చేస్తుండె, జ్వరమొచ్చి కర్నూలు దవాఖానకు తీసుకపోతే తిరిగి రాలే. తల్లి లేకుంటే ఆమెనే పెంచిందంట వాన్ని. దినాలు కాంగనే ఆమె పనికొచ్చింది, రాకుంటే జాగ పోతదని. వచ్చింది, కూసున్నది, ఏరింది. నోరు మాత్రం తెరవలే. పల్లి కూడ నోట్ల వేసుకోలే. మా దిక్కు అంత దగ్గరోళ్ళు పోతే ఆడోళ్ళు ఏడాది దాక పాట ముట్టరు. ఆ సంగతి నాకు తెల్వనిదేం కాదు.

అటుపక్కామె, ఇటుపక్కామె ఆమె పాట కూడ వాళ్ళే పాడుతుండ్రి, ఇంత గట్టిగ. నేను ఆమె ముందరికి రాంగనే నడక పెంచుతుంటి. ఎవరం ఎవరితోని అనుకోలే, అందరం కలిసి ఆమెను దాచినం. కెమెరాల పెదాలు కనబడకుండ ఆమె కొంగు అడ్డం పెట్టుకుంటుండె. గట్ల కొన్నాళ్ళు గడిచింది. ఇంకొన్నాళ్ళు కూడ గడుస్తుండె.

ఒకనాడు గుజరాతు నుంచి కొనేటోళ్ళు వచ్చిండ్రు. చిన్నసేటు వాళ్ళకు మిషను చూపించి, గోడౌను చూపించి, ఆఖరుకు షెడ్డులకు తెచ్చిండు, ఆనంద కార్యక్రమం చూపిద్దామని. "మా మేస్త్రీ ఐడియా ఇది," అని హిందీల చెప్పి నా భుజం మీద చెయ్యేసిండు. నిజం చెప్త, నా ఎన్నుపూస ఇంత పొడుగైంది. "మేస్త్రీ, చేసి చూపించు."

చేసిన. నడుము వంచిన, చెవు ఎనుక చెయ్యి పెట్టిన, వరుస పొంటి నడిచిన. వచ్చినోళ్ళు నవ్వుతుండ్రు. నవ్వు ఇనబడితే నా కాళ్ళు నా మాట ఇనవు. పాన్‌గల్ అక్క ముందర ఎప్పుడూ పెంచే నడక ఆనాడు పెంచలే. చిన్నసేటు నా ఎనుకనే వస్తుండు, ఆమె కొంగు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. ఆ చూపుకు నేను జవాబు చెప్పాల్సిన పని లేకుండె. ఆమె ఇంట్ల చావైంది సేటు అంటే ఒక్క మాటతోని అయిపోతుండె. దానికి బదులు నేను ఆమె ముందర ఇంక కిందికి వంగి, చెవు ఆమె నోటి కాడికి తీసుకపోయి అన్న.

"వినబడ్తలేదు! నా రాజ్యంల మూగోళ్ళకు పల్లీలు లేవు!"

హిందీల కూడ చెప్పిన, వచ్చినోళ్ళకు అర్థం కావాలె గదా. వాళ్ళు పగలబడి నవ్విండ్రు.

ఆమె కొంగు తీసి నా మొకం దిక్కు చూసింది. తర్వాత రాగం ఎత్తుకున్నది.

మా దిక్కు ఆడోళ్ళు పోయినోళ్ళ కోసం ఉత్తగ ఏడవరు. రాగం తీసి, పిలిచి పిలిచి, వాళ్ళ గుణాలు చెప్పుకుంట ఏడుస్తరు. శోకం అంటరు దాన్ని. భాష తెల్వనోళ్ళకు అది పాటనే.

"నీ చెప్పులు గడప కాడనే ఉన్నయి తమ్ముడా... యాడికి పోయినవని ఎవలనడుగుదు తమ్ముడా... నీ అక్కను పాడుమంటున్నరు తమ్ముడా... చెవుకు చెయ్యి పెట్టి నిలబడ్డరు తమ్ముడా... నీ శోకం పాటలెక్క పాడుతున్న తమ్ముడా..."

వరుసల పాట ఆగింది. చాటలు ఆగినయి. కాంటా కాడ భాయ్ బస్తా ఎత్తబోయి అట్లనే వదిలేసిండు. ఒక్క గుజరాతు నుంచి వచ్చినోళ్ళే తలకాయలు ఊపుకుంట, తొడ మీద తాళం వేస్తుండ్రు. చిన్నసేటు ఫోను తీసి వీడియో పట్టిండు. ఆయన పుట్టి పెరిగింది మన దగ్గరనే, అయినా శోకం ఎట్లుంటదో ఆయనకు తెల్వదు. ఆయనింట్ల ఆ గొంతుతోని ఎవరూ ఏడ్చినట్టు లేదు.

నేను వంగినకాడనే వంగి ఉన్న. చెయ్యి చెవు కాడనే ఉన్నది. దింపుదామంటే దిగుతలేదు. తీస్తే నేనేం వింటున్ననో ఒప్పుకున్నట్టైతది. కాంటా భాయ్ వచ్చి నా మణికట్టు పట్టి మెల్లగ కిందికి దించిండు. "జర చెయ్యి దించు భాయ్," అన్నడు. అంతే అన్నడు.

ఆమె శోకం ముగించి, లేచి, ఒడిల గింజలు కుప్పల దులిపి, చెప్పులేసుకొని పోయింది. వచ్చినోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు. చిన్నసేటు, "సూపర్ మేస్త్రీ! ఈ పాటే రోజు పాడిచ్చు," అన్నడు.

అది పాట కాదని అప్పుడు చెప్పొచ్చుండె. నోరు నా సొంతమే, ఎవరూ కుట్టలే. "అట్లనే సేటు," అన్న.

తెల్లారి ఆటో వచ్చింది, ఆమె రాలే. చిన్నసేటు వీడియోకు ఆనంద కార్యక్రమం అని రాసి ఫోన్లల్ల తిప్పిండు, శానమంది మెచ్చుకున్నరంట. "ఆ మంచిగ పాడే ఆమెను పిలిపియ్, ముందు వరుసల కూసోబెడ్దం," అని నాతోనే కబురు పంపిండు. ఆయన ఎక్కిరిస్తలేడు, మనసుల నుంచే అన్నడు. ఆ నవల రాసినాయన బతికుంటే కలం పక్కన పెట్టి మా మిల్లుల ఉద్యోగం అడుగుతుండె.

భాయ్‌తోని చాయ్ తాగుకుంట అన్న, "ఆ పుస్తకం చదివి నవ్విన భాయ్ నేను." ఆయన చాయ్ ఊదుకుంట, "నువ్వు నవ్వినవ్. సేటు చదవలే. నీ నోట్లకెళ్ళే నేర్చుకున్నడు," అన్నడు. ఆనాటి నుంచి నేను బస్తా ఎక్కలే. ఎక్కుమని ఎవరూ అడగలే కూడ.

ఒక ఆదివారం బస్సెక్కి పాన్‌గల్ దిక్కు పోయిన. తోవ పొడుగునా మాటలు కూర్చుకున్న. మొదలు ఒక చిన్న జోకు, దాని ఎనుక మాఫీ. నాకు ఒట్టి మాఫీ అడుగుడు రాదు, ఎప్పుడూ దాని మీద ఏదో ఒకటి కప్పాల్సిందే.

ఆమె ఇంటి ముందర పీకిన పల్లిచెట్లు కుప్పలేసి, కాయ తెంపుతుండె. వేరేటోళ్ళ చేనుది, కూలికి తెంపుతున్నదంట. నన్ను చూసి లేవలే, కోపం కూడ చేయలే.

"కూసో మేస్త్రీ. ఎండకు పడి వచ్చినవ్."

కూసున్న. జోకు యాదికొస్తలేదు. "అక్కా, తప్పైంది," అన్న.

"ఏం తప్పు? నేను పల్లీలు ఏరేదాన్ని, నువ్వు నన్ను ఏరేటోనివి. ఎవరి పని వాళ్ళు చేసినం." చేతులు ఆగలే, కాయ తెంపుతనే ఉన్నది.

"చిన్నసేటు రమ్మంటుండు. ముందు వరుస అంటుండు."

"ఆ పాట నాకు మళ్ళ రాదని చెప్పు."

ఆమె లేచి ఇంట్లకు పోయింది. ఇగ రాదేమో, నేను లేచి పోవాల్నేమో అనుకున్న. బయటికొచ్చి నా ముందర పళ్ళెం పెట్టింది. ఉడకబెట్టిన పల్లికాయ, ఇంక పొగలొస్తుంది, ఉప్పు వాసన. నేను దాని దిక్కు చూస్తున్న గాని చెయ్యి పోతలేదు. అదే చెయ్యి గదా.

ఆమె నా చెయ్యి దిక్కు చూసింది. మొకంల నవ్వు లేదు, కోపం లేదు. నేను ఇన్నేండ్లు బస్తాల మీదికెక్కి ఎట్ల చెప్పాలనుకుంటినో, గట్ల, ఒక్క గీత కదలకుండ అన్నది.

"తిను మేస్త్రీ. మా ఇంట్ల పాడకున్నా తినొచ్చు."

మళ్ళ కూసోని కాయ తెంపవట్టింది. నేను ఒక కాయ తీసి ఒలిచిన. గింజ నోట్ల వేసుకున్న. నమలనీకి శానసేపు పట్టింది. ఆమె నా దిక్కు చూడలే, చెవు పెట్టి ఇనలే.